రేకు చవక, కప్పు ప్రియం

వాణిజ్య భవనాలకు లోహపు కప్పు వేయించేవారు అడిగేది ఒక్కటే: అడుగు ఎంత? అడగాల్సిన ప్రశ్నలు పూత బరువు గురించి, మరల గురించి, నీటి వాలు గురించి, పైకెక్కే మనిషి గురించి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు ఎగిరిపోయినవి గుడిసెల కప్పులు మాత్రమే కాదు. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు కూడా దెబ్బతింది. కొద్ది రోజులపాటు విమానాలు నిలిచిపోయాయి. 2019 మే 3న ఫణి తుపాను పూరీ వద్ద తీరాన్ని తాకిన రోజున భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఒక హాస్టల్ భవనం కప్పు గాలికి లేచిపోతున్న దృశ్యాన్ని దేశమంతా ఫోన్లలో చూసింది. పేదవాడి రేకుకూ ప్రభుత్వ రేకుకూ గాలి తేడా చూపలేదు.

తుపాను కప్పు ఎగిరితే అది వార్త. ఏటా తొలకరికి కారే కప్పు, ఎండకు పొయ్యిలా మారే కప్పు, మరమ్మతుకు ఎక్కిన కూలీని కిందికి జారవిడిచే కప్పు మాత్రం వార్త కావు. గత పాతికేళ్లలో దేశంలో వాణిజ్య నిర్మాణం స్వరూపమే మారిపోయింది. రైసు మిల్లు, కార్ల షోరూమ్, ఫంక్షన్ హాల్, శీతల గిడ్డంగి, సూపర్‌మార్కెట్, ఆన్‌లైన్ అమ్మకాల గోదాము... అన్నింటి నెత్తినా ఇప్పుడు లోహపు రేకే. కారణాలు సమంజసమైనవే. స్లాబు కన్నా ఎన్నో రెట్లు తేలిక. మధ్యలో స్తంభాలు లేకుండా విశాలమైన చోటు దొరుకుతుంది. పునాది ఖర్చు తగ్గుతుంది. పని నెలల్లో పూర్తవుతుంది. ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగించే ఉక్కు భవనాల పరిశ్రమకు హైదరాబాద్ శివార్లు ఒక ముఖ్య కేంద్రం కూడా. పాశమైలారంలో కిర్బీ, సదాశివపేటలో పెన్నార్ వంటి సంస్థల కర్మాగారాలు అక్కడే ఉన్నాయి.

సమస్య రేకులో లేదు, దాన్ని కొనే తీరులో ఉంది. భవనం కట్టే యజమాని ఒకరు. దాని కింద సరుకు పెట్టుకునే అద్దెదారు ఇంకొకరు. కారినప్పుడు పైకెక్కే మనిషి మూడోవాడు. డబ్బు మిగిలేది మొదటివాడికి, సరుకు తడిసేది రెండోవాడికి, ప్రాణం పోయేది మూడోవాడికి. ఈ ముగ్గురినీ ఒకే కాగితం మీదికి తెచ్చే వ్యవస్థ మన దగ్గర దాదాపు లేదు.

రేకులన్నీ ఒకటి కావు

ముడతల ఇనుప రేకు పాత వస్తువే. లండన్ డాక్ కంపెనీ ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ దానికి 1829లో పేటెంట్ తీసుకున్నాడు. పల్చటి రేకుకు ముడతలు పెడితే బలం ఎన్నో రెట్లు పెరుగుతుందన్నది ఆయన కనిపెట్టిన సూత్రం. అయితే ఇనుము తుప్పు పడుతుంది. ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ 1837లో కరిగిన జింకులో ముంచి పూత పట్టించే పద్ధతికి పేటెంట్ తీసుకోవడంతో ఆ చిక్కు చాలావరకు తీరింది. మనం ‘జీఐ రేకు’ అనేది దీన్నే. ఇందులో జింకు తనను తాను అర్పించుకుంటుంది. గీత పడినచోట ముందుగా జింకు కరిగి ఇనుమును కాపాడుతుంది. జింకు అయిపోయిన రోజున తుప్పు మొదలవుతుంది. అంటే రేకు ఆయుష్షు రేకు మందంలో కన్నా పూత మందంలో ఉంటుంది.

మార్కెట్లో గాల్వాల్యూమ్ అనీ జింకాల్యూమ్ అనీ రకరకాల పేర్లతో అమ్మే రెండో రకాన్ని అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్ 1972లో మార్కెట్‌లోకి తెచ్చింది. దీని పూతలో 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ ఉంటాయి. అల్యూమినియం కవచంలా నిలబడుతుంది, జింకు గీతలను కాపాడుతుంది. మామూలు వాతావరణంలో అదే మందం జీఐ పూత కన్నా ఇది ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ దీనికీ శత్రువులున్నారు. తడి సిమెంటు, సున్నం లాంటి క్షార పదార్థాలు దీన్ని తినేస్తాయి. పశువుల కొట్టాలు, కోళ్ల ఫారాల్లో ఎరువు నుంచి వెలువడే అమ్మోనియా ఆవిరికి ఇది నిలవదు. అందుకే తయారీదారుల హామీ పత్రాలు సాధారణంగా అలాంటి భవనాలను మినహాయిస్తాయి. కోళ్ల పరిశ్రమ ఇంతగా విస్తరించిన తెలుగు రాష్ట్రాల్లో ఫారం కట్టేవారు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

పూతను కొలిచేది చదరపు మీటరుకు గ్రాముల్లో. జీఐ రేకుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 277. అల్యూమినియం-జింకు పూత రేకుకు ఐఎస్ 15961. ముందే రంగు వేసిన జీఐ రేకుకు ఐఎస్ 14246. జీఐలో 120 గ్రాముల పూత కూడా దొరుకుతుంది, 275 గ్రాములదీ దొరుకుతుంది. రెండూ కంటికి ఒకేలా మెరుస్తాయి. ఈ అంకె రెండు వైపుల పూత కలిపి చెప్పేది. 275 గ్రాములంటే ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లు. 120 అయితే అందులో సగం కూడా ఉండదు. అల్యూమినియం-జింకు రేకులో 150 గ్రాముల పూత కూడా ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లే వస్తుంది, ఎందుకంటే అల్యూమినియం తేలిక. ఐఎస్ఐ ముద్ర, పూత గ్రేడు బిల్లు మీద రాయించుకోని వ్యాపారి కొన్నది మెరుపును మాత్రమే.

మందం విషయంలో ఇంకో మాయ ఉంది. దుకాణదారు ‘0.50’ అంటే అది ఉక్కు మందమా, పూత, రంగు అన్నీ కలిపిన మందమా? లోహపు పూత రెండు వైపులా కలిపి 40 మైక్రాన్లు, రంగు పొరలు మరో 30, 35 మైక్రాన్లు పోతే మిగిలే ఉక్కు 0.43 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. బరువును మోసేది ఉక్కేగానీ రంగు కాదు. ఒక కొటేషన్‌లో ఉక్కు మందం, మరో దాంట్లో మొత్తం మందం రాసి ఉంటే రెండింటి ధరలను పోల్చడం అర్థం లేని పని.

దీనికి తేలికైన పరీక్ష తక్కెడ. 1.22 మీటర్ల వెడల్పు చుట్ట నుంచి తీసిన 3 మీటర్ల రేకులో ఉక్కు మందం నిజంగా 0.45 మిల్లీమీటర్లయితే, 150 గ్రాముల పూతతో కలిపి బరువు పదమూడున్నర కిలోల దగ్గర ఉండాలి. 12 కిలోలే తూగితే ఉక్కు 0.40 మాత్రమే. లారీ దిగేటప్పుడు నాలుగైదు రేకులు తూచడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు వెచ్చించేవారు అరుదు.

రంగుల్లోనూ తరగతులున్నాయి. మామూలు పాలియెస్టర్ రంగు చవక, త్వరగా వెలుస్తుంది. సిలికాన్ కలిపిన పాలియెస్టర్ దానికన్నా మెరుగు. పీవీడీఎఫ్ రంగు ఎండకు అన్నింటికన్నా ఎక్కువ కాలం తట్టుకుంటుంది. లోపలి గోదాముకు మొదటిది చాలు. రోడ్డు మీదికి కనిపించే షోరూమ్‌కు, ఉప్పుగాలి తగిలే కాకినాడకో నెల్లూరుకో మూడోది ఆలోచించాలి. సముద్రానికి మరీ దగ్గరైతే అల్యూమినియం రేకు ప్రియమైనా చివరికి గిట్టుబాటు కావచ్చు.

ఇక ఆస్బెస్టాస్ సిమెంటు రేకు. చవక, చప్పుడు తక్కువ, తుప్పు పట్టదు. కానీ అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎన్నో దేశాలు దాన్ని నిషేధించాయి. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులోనే మన సుప్రీంకోర్టు 1995లో, కార్మికుడి ఆరోగ్య హక్కు జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. పాత ఆస్బెస్టాస్ కప్పు తీసి లోహపు రేకు వేసేటప్పుడు ప్రమాదం ఎక్కువ. కోసినా, పగలగొట్టినా, డ్రిల్ చేసినా లేచే ధూళిలోనే ఆ పోగులుంటాయి. తడిపి, విరగకుండా విప్పి, మూటకట్టి తరలించాలి. పాత రేకులను పగలగొట్టి గోతులు పూడ్చడం ఊళ్లలో మామూలే అయినా, మానుకోవాల్సిన అలవాటు.

గాలి ఎత్తుతుంది, నొక్కదు

కప్పు మీద గాలి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. తక్కువ వాలున్న కప్పు విషయంలో జరిగేది తారుమారు. గాలి పైనుంచి దూసుకుపోతూ రేకును పైకి పీలుస్తుంది. అంచుల్లో, మూలల్లో ఈ పీల్పు మధ్యభాగం కన్నా చాలా ఎక్కువ. అందుకే కప్పులు మూలల నుంచే లేస్తాయి.

గాలి భారాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. దీన్ని 2015లో సవరించారు. దీని ప్రకారం మౌలిక గాలి వేగం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు, చెన్నై, భువనేశ్వర్, కోల్‌కతాల్లో సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఢిల్లీలో 47, హైదరాబాద్, ముంబైలలో 44, బెంగళూరులో 33. గాలి పీడనం వేగానికి కాక వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. లెక్క కడితే 50 మీటర్ల వేగానికి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బలం వస్తుంది. బెంగళూరులో అది 67 కిలోలు. చదరపు మీటరు రేకు బరువు నాలుగైదు కిలోలు. మిగతా బరువంతా మోయాల్సింది మరలు. బెంగళూరులో నిలిచిన డిజైన్‌ను అలాగే విశాఖకు తెచ్చి బిగిస్తే ఏమవుతుందో ఈ రెండంకెలే చెబుతాయి.

తుపాను తీరంలో పారిశ్రామిక భవనాలకు గాలి వేగాన్ని 1.15 రెట్లు, తుపాను తర్వాత పనిచేయాల్సిన ఆసుపత్రుల వంటి భవనాలకు 1.3 రెట్లు లెక్కించాలని 2015 సవరణ చెబుతోంది. వాస్తవంలో చిన్న పట్టణాల్లోని షెడ్లు చాలావరకు ఇంజనీరు గీత లేకుండా, ఫ్యాబ్రికేటర్ అనుభవం మీదే లేస్తాయి. అంచుల్లో మరలు దగ్గరదగ్గరగా వేయడం, రేకు కింది పర్లిన్ల ఎడం మూలల్లో తగ్గించడం పెద్ద ఖర్చు కాదు. గాలివాన వచ్చేముందు షట్టర్లు దించడం అసలు ఖర్చే కాదు. షట్టర్ తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కింది నుంచి తోస్తుంది, పైగాలి లాగుతుంది. రెండూ కలిస్తే ఏ మరా ఆగదు. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులకు తెలంగాణ జిల్లాల్లో రేకులు ఎగిరే సంఘటనల వెనుక తరచూ ఉండేవి ఈ చిన్న లోపాలే.

కారేది రేకు కాదు

కప్పు కారుతోందంటే రేకుకు చిల్లు పడిందని అర్థం కాదు. సాధారణంగా కారేది మర దగ్గర, రేకులు ఒకదానిమీద ఒకటి వాలిన అతుకు దగ్గర, గట్టర్ దగ్గర, వెలుతురు రేకు అంచు దగ్గర.

మర కింద ఉండే రబ్బరు వాషర్ ఎండకు కొన్నేళ్లలో గట్టిపడి పగులుతుంది. మేస్త్రి అతిగా బిగిస్తే మొదటి రోజే నలిగిపోతుంది, వదులుగా వదిలేస్తే నీరు దిగుతుంది. నాణ్యమైన ఈపీడీఎం వాషర్‌కూ నాసిరకం రబ్బరుకూ మరకు పడే తేడా రూపాయల్లోనే. ఆ రూపాయలు మిగుల్చుకుంటే లక్షల సరుకు తడుస్తుంది. కప్పు మీద మరను ముడత గట్టు మీద వేయాలా, గాడిలో వేయాలా అన్నదీ ముఖ్యమే. గాడి నీళ్లు పారే దారి. కప్పుకు గట్టు మీద, గోడకు గాడిలో అన్నది పాత మేస్త్రులు పాటించే నియమం.

ఉక్కు ఎండకు సాగుతుంది. 30 మీటర్ల పొడవు రేకు, 40 డిగ్రీల తేడాకు దాదాపు 14 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రోజూ పగలు పెరిగి రాత్రి తగ్గే రేకును మరతో బిగించేస్తే అది మర చుట్టూ రంధ్రాన్ని నెమ్మదిగా కోసి పెద్దది చేస్తుంది. పెద్ద కప్పులకు ‘స్టాండింగ్ సీమ్’ పద్ధతిని వాడేది అందుకే. రేకుల అంచులను నిలువుగా మడిచి, కింద జారే క్లిప్పులకు తగిలిస్తారు. రేకు పైన మరల రంధ్రాలు దాదాపు ఉండవు. రేకు స్వేచ్ఛగా కదులుతుంది. ఖరీదు ఎక్కువే. అయితే పెద్ద గోదాములో పదేళ్ల మరమ్మతు ఖర్చు కలిపి చూస్తే లెక్క మారుతుంది.

వాలు విషయంలో పిసినారితనం మరీ ప్రమాదకరం. మరలతో బిగించే రేకుకు కనీసం అయిదు డిగ్రీల వాలు ఉండాలి. పదడుగులకు ఒకడుగు వాలంటే దానికి కాస్త ఎక్కువే. రెండు షెడ్లను ఆనించి కట్టి మధ్యలో గట్టర్ పెడితే ఆ గట్టరే ఆ భవనానికి బలహీన స్థానం. ఒక రావి మొక్క, ఒక పావురం గూడు, రెండు ప్లాస్టిక్ సంచులు చాలు, కుండపోత వానలో నీళ్లు లోపలికి తిరగడానికి. వీలైనచోట నీటిని భవనం వెలుపలికి దించే డిజైన్‌నే ఎంచుకోవాలి.

ఎండ లెక్క

లోహపు కప్పు కింద మే నెల మధ్యాహ్నం గడిపినవారికి వివరించనక్కర్లేదు. రంగులేని మెరిసే రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది. కానీ అది పీల్చుకున్న వేడిని తిరిగి ఆకాశంలోకి వదలడంలో లోభి. అందుకే చూపుకు తెల్లగా మెరిసినా తాకితే కాలుతుంది. తెల్ల రంగు పూత రెండు పనులూ చేస్తుంది, తిప్పికొడుతుంది, వదిలేస్తుంది.

ఈ తేడాను హైదరాబాద్‌లో కొలిచారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీ పరిశోధకులు మరికొందరితో కలిసి ఇక్కడి భవనాల మీద జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నల్లటి కప్పును తెల్లగా మారిస్తే చల్లదనానికి వాడే కరెంటు 14 నుంచి 26 శాతం, మామూలు కాంక్రీటు కప్పును తెల్లగా మారిస్తే 10 నుంచి 19 శాతం తగ్గింది. అవి లోహపు కప్పులు కావు కాబట్టి ఆ అంకెలను యథాతథంగా రేకుకు వర్తింపజేయలేం. దిశ మాత్రం అదే. అహ్మదాబాద్ 2013లోనే వేడిగాలుల కార్యాచరణ ప్రణాళికను తెచ్చింది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం కొత్త ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు స్థలం విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా చల్లని కప్పు తప్పనిసరి. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు లక్ష్యం. కాగితం మీద విధానం బాగుంది. అమలు చేయాల్సింది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే అధికారి.

కప్పు కింద గ్లాస్ వూల్ లేదా రాక్ వూల్ పరుపు వేయిస్తే వేడితోపాటు వాన చప్పుడూ తగ్గుతుంది. రెండు రేకుల మధ్య నురుగు నింపిన శాండ్‌విచ్ ప్యానెళ్లు మరింత చల్లగా ఉంచుతాయి. కానీ ఆ నురుగు ఏ రకమో అడగాలి. థర్మోకోల్, పాలీయురేథేన్ నురుగులు మండుతాయి, విషపు పొగ కక్కుతాయి. జనం గుమిగూడే చోట రాక్ వూల్ వంటి మండని పదార్థమే మేలు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో రేకులు, ఇనుప చట్రాలతో లేపిన గేమింగ్ జోన్ తగలబడి 27 మంది చనిపోయారు. దానికి అగ్నిమాపక శాఖ అనుమతే లేదు. లోపల వెల్డింగ్ సాగుతుండగా వినోదం నడిచింది. లోహం మండదన్న ధీమా అక్కడ ఎవరినీ కాపాడలేదు.

ఏడాదికి రెండు సార్లు

లోహపు కప్పు నిర్వహణ బ్రహ్మవిద్య కాదు. మే నెలాఖరున ఒకసారి, వానలు వెనుదిరిగాక ఒకసారి కప్పును నింపాదిగా చూడాలి. గట్టర్లు, కింది గొట్టాలు శుభ్రం చేయాలి. మొలిచిన మొక్కలు వేళ్లతో సహా తీయాలి. వదులైన మరలు మార్చాలి. పాత రంధ్రంలో అదే మర తిరిగి బిగించకుండా కాస్త లావు మర వేయాలి. వాన తడిపి కడిగే భాగం కన్నా చూరు కింద వాన తగలని భాగమే ముందు తుప్పు పడుతుందన్నది చాలామందికి తెలియదు. ఉప్పు, ధూళి అక్కడే పేరుకుంటాయి. తీరప్రాంతంలో, సిమెంటు, ఎరువుల కర్మాగారాల చుట్టుపక్కల ఆ చోట్లను మంచినీటితో కడగాలి.

చేయకూడనివి మరో జాబితా. రేకు కోసినప్పుడు, డ్రిల్ చేసినప్పుడు రాలే ఇనుప రజనును కప్పు మీద వదిలేయకూడదు. ఒక్క రాత్రి మంచుకు అది తుప్పుపట్టి రంగును మచ్చలు చేస్తుంది. ఆ సాయంత్రమే ఊడ్చేయాలి. కప్పు మీద పెట్టిన ఏసీ యంత్రం రాగి గొట్టం నుంచి కారే నీటిని రేకు మీద పడనివ్వకూడదు. రాగి తగిలిన నీరు జింకు, అల్యూమినియం పూతలను వేగంగా తినేస్తుంది. రంగులేని అల్యూమినియం-జింకు రేకు మీద పెన్సిల్‌తో కొలతలు గీయకూడదు. పెన్సిల్ గ్రాఫైట్ కూడా అదే పని చేస్తుంది. రేకులను తడిసిన కట్టలుగా ఆరుబయట పడేస్తే బిగించకముందే తెల్ల తుప్పు పడుతుంది. కారేచోట తారు పూయడం మన దేశవ్యాప్త వైద్యం. అది ఒక వేసవికి పగిలి, కింద తేమను దాచిపెట్టి రోగాన్ని పెంచుతుంది. బ్యూటైల్ టేపు, ఆమ్లం లేని సిలికాన్ సీలెంట్ ఇంతకన్నా నయం. వెనిగర్ వాసన వచ్చే సీలెంట్ లోహానికి పనికిరాదు.

కప్పు మీద సోలార్ పలకలు పెట్టించేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. చట్రంతో కలిపి చదరపు మీటరుకు 12 నుంచి 15 కిలోల బరువు, గాలికి అదనపు పీల్పు, వందల కొత్త రంధ్రాలు. పలకల ఆయుష్షు పాతికేళ్లు. కింది రేకు పదేళ్లలో మార్చాల్సి వస్తే పలకలన్నీ దించి మళ్లీ ఎక్కించాలి. కాబట్టి ముందు కప్పు ఆరోగ్యం, తర్వాత సోలార్. స్టాండింగ్ సీమ్ కప్పుకైతే రంధ్రం లేకుండా మడతను పట్టుకునే క్లాంపులున్నాయి.

పైకెక్కే మనిషి

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బుకు సంబంధించినవి. ఇది కాదు. కప్పు పనిలో మరణాలు ఎక్కువగా అంచు నుంచి జారి, లేదా అడుగు వేసిన రేకు విరిగి జరుగుతాయి. వెలుతురు కోసం మధ్యమధ్య వేసే ఫైబర్, పాలీకార్బొనేట్ రేకులు కొన్నేళ్ల ఎండకు పెళుసెక్కుతాయి. దుమ్ము పట్టి పక్కనున్న లోహపు రేకు రంగులోకే మారిపోతాయి. ఏది ఇనుమో, ఏది ప్లాస్టికో పైనున్నవాడికి తెలియదు. పాత ఆస్బెస్టాస్ కప్పయితే మొత్తం అంతే.

మరమ్మతు కూలీకి ఉద్యోగ పత్రం ఉండదు. మేస్త్రి పిలిస్తే వస్తాడు. చెప్పులు విడిచి, లుంగీ ఎగగట్టి ఎక్కుతాడు. ఎత్తులో పనిచేసేవారికి రక్షణ కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెబుతూనే వచ్చాయి. వాటిని కలుపుకున్న వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. చట్టాల పేర్లు మారాయి. కానీ ఒక షాపు యజమాని ఒక పూట పనికి పిలిచిన ఒక మనిషి ఏ తనిఖీ రిజిస్టరులోనూ కనిపించడు. అతను కనిపించేది పడిపోయాకే, పోలీసుల ఎఫ్‌ఐఆర్‌లో.

దీనికి పరిష్కారం కప్పు వేసేటప్పుడే మొదలవ్వాలి. రిడ్జ్ వెంబడి తాడు తగిలించే ఉక్కు తీగ, నడవడానికి స్థిరమైన బాట, వెలుతురు రేకుల కింద ఇనుప జాలీ. కొత్త భవనంలో వీటి ఖర్చు మొత్తం కప్పు ఖర్చులో చిన్న భాగం. తర్వాత అమర్చాలంటే ఆ పనికే మళ్లీ రక్షణ లేకుండా ఎవరో ఎక్కాలి. పాత భవనంలో కనీసం పర్లిన్లకు అడ్డంగా నడక పలకలు వేసి, సేఫ్టీ బెల్టు కట్టించి, వాన పడుతుండగా ఎక్కించకుండా ఉండడం యజమాని చేయగలిగిన పని. కారుతున్నప్పుడే మనిషిని ఎక్కించడం మన అలవాటు. జారేదీ అప్పుడే.

కాగితం మీద కప్పు

లోహపు కప్పు ఉపఖండం అంతటికీ బతుకు కప్పు. 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత నేపాల్‌లో వానలకు ముందు ముడతల రేకులు పంచడమే పెద్ద సహాయ కార్యక్రమమైంది. బంగ్లాదేశ్ పల్లెల్లో ‘టిన్’ ఇల్లే సామాన్యుడి ఇల్లు. కాబట్టి రేకును చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. దాన్ని బాధ్యతతో కొనే పద్ధతి రావాలి.

మూడు మార్పులు చాలు. ఒకటి, నగరపాలక సంస్థలు వాణిజ్య షెడ్డుకు అనుమతి ఇచ్చేటప్పుడు రేకు ఉక్కు మందం, పూత గ్రేడు, గాలి లెక్క, పైకెక్కే భద్రత ఏర్పాట్లను ఒక పేజీలో అడగాలి. స్లాబుకు నిర్మాణ ఇంజనీరు సంతకం అడిగే కార్యాలయం, దానికన్నా ముందు ఎగిరిపోయే రేకుకు ఎందుకు అడగదు? రెండు, అద్దె ఒప్పందంలో కప్పు మరమ్మతు ఎవరిదో, తడిసిన సరుకు నష్టం ఎవరిదో స్పష్టంగా ఉండాలి. ఇప్పుడు చాలా ఒప్పందాల్లో ‘చిన్న మరమ్మతులు అద్దెదారువి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. గట్టర్ శుభ్రం చేయడం చిన్నదా, వెయ్యి మరలు మార్చడం చిన్నదా అన్నది కోర్టు దాకా వెళ్లాకే తేలుతుంది. మూడు, బీమా కంపెనీలు వానాకాలం ముందు తనిఖీ చేయించిన భవనానికి ప్రీమియంలో తేడా చూపాలి. డబ్బు మిగులుతుందంటే యజమానులు నిబంధన కన్నా త్వరగా కదులుతారు.

ఇవి జరిగేలోపు వ్యాపారి తన వంతు చేయొచ్చు. కొటేషన్‌లో ‘అడుగు ఎంత’ అన్న గడి పక్కనే ఉక్కు మందం, పూత గ్రాములు, మర రకం, వాలు, భద్రత తీగ అని మరో అయిదు గడులు గీయించాలి. వాటిని నింపలేని ఫ్యాబ్రికేటర్‌ను పక్కన పెట్టాలి. ఇప్పటికే కప్పున్నవారు వచ్చే తొలకరిలోపు గట్టర్లు శుభ్రం చేయించాలి. ఆ పనికి ఎక్కే మనిషికి ముందు ఒక బెల్టు కొనాలి.